మూడుసార్లు లాగితే తెంపెయ్

టోర్‌స్టెన్ మూలలో ఎవరూ గాలం వెయ్యరు.

మిన్నెసోటా ఉత్తరాన మాదొక చిన్న ఊరు. చలికాలంలో సరస్సు గడ్డ కట్టిందంటే ఇక ఊళ్లో ఎవరికీ వేరే పనుండదు. చెక్క గుడిసెలు మంచు మీదికి లాక్కెళ్లి, గడ్డకి బర్మాతో కన్నం చేసి, అందులోకి దారం వదిలి, ఈ చలి ఎప్పుడు వదుల్తుందా అని కూర్చుంటారు. తూర్పున కొండ నీడలో ఉన్న ఆ మూలలో మాత్రం ఒక్క గుడిసె కనబడదు.

ఎందుకని మెల్విన్‌ని అడిగితే చాలు. నా ఎరల కొట్లో పొయ్యి పక్క కుర్చీ ఆయనదే. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నా, ఆ కథ దగ్గరికొచ్చేసరికి ముసలాయన గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

"తుఫాను రోజు. పొద్దుట్నుంచీ నా పక్క గుడిసె టోర్‌స్టెన్ కనబళ్లేదు. ఆ మూలలో మిగిలింది నేనొక్కణ్ణే. చీకటి పడింది... నా దారం లాగింది. చేప కాదు! ఒకటి... రెండు... మూడు. ఆగింది. మళ్లీ ఒకటి... రెండు... మూడు. కత్తి తీసి తెంపేసి ఒకటే పరుగు! తుఫాను తగ్గాక దొరికాడు, తన కన్నం పక్కనే మంచు దిబ్బ కింద కర్రలా బిగుసుకుపోయి. పొద్దున్నే పోయుంటాడన్నారు. చచ్చినవాడు పిలిచాడ్రా నన్ను!"

చివర్న ఎప్పుడూ అదే మాట. "అక్కడ మూడుసార్లు లాగితే తెంపెయ్. వెనక్కి చూడకు."

ఈ మాట మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా వచ్చు.

నమ్మనని మొహమ్మీదే అనేవాడు ఒక్కడే, మెల్విన్ ఈడువాడే, ఆర్విడ్. చేపల నిబంధనల పుస్తకం జేబులో పెట్టుకు తిరిగే మనిషి. మనిషికి రెండు గాలాలంటే రెండే. ఒకటి గుడిసెలో. రెండోది బయట జెండా గాలం... చేప తగలగానే ఎర్రజెండా లేస్తుందే, అది. అది గుడిసెకి రెండొందల అడుగుల లోపే ఉండాలంటే, అడుగులు కొలిచి మరీ పెట్టేవాడు. "చట్టాన్ని వీడే కన్నాడు" అని అందరం ఆటపట్టించేవాళ్లం.

పోయిన చలికాలం, పంతం కొద్దీ, తన గుడిసెని ఆ మూలకి లాక్కెళ్లాడు. ఒకరోజు పొద్దున్నే గాలపు ముళ్లు కొనడానికి వచ్చాడు.

"ఏరా, టోర్‌స్టెన్ పలకరించాడా?" అన్నాడు మెల్విన్.

"దెయ్యం లేదు, నీ మొహం లేదు. అడుగున నీళ్లు సుడి తిరుగుతున్నాయి. నా రెండు దారాలూ రోజూ పెనవేసుకుంటున్నాయి. విప్పలేక చస్తున్నా."

"నవ్వు, నవ్వు. నీ వంతూ వస్తుంది."

ఆ మధ్యాహ్నమే తుఫాను లేచింది. చీకటి పడినా ఆర్విడ్ ఇంటికి రాలేదు. ఆ మూలలో ఫోను పలకదు. ఆ చలిలో ఆరుబయట పడ్డ మనిషి తెల్లారేదాకా బతకడు. ఆయన కూతురు ఇంగా మంచు బండి తీసుకుని ఒక్కతే బయల్దేరింది. తర్వాత జరిగింది ఆ పిల్లే నాకు చెప్పింది, వేడి కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని.

గుడిసె తలుపు తీసింది. ఎవరూ లేరు.

పొయ్యి ఆరిపోయింది. సగం తిన్న రొట్టె ఉంది. ఫ్లాస్కులో కాఫీ ఇంకా గోరువెచ్చగా ఉంది. కుర్చీ ఖాళీ.

"నాన్నా!" అని బయటికి అరిచింది. గాలి ఆ అరుపుని నోట్లోనే మింగేసింది. చేతి లాంతరు వెలుగులో తన చెయ్యే తనకి సరిగా కనబడటం లేదు.

లోపలికొచ్చి తలుపేసుకుంది. అప్పుడు... కన్నం పక్కనున్న పొట్టి గాలపు కర్ర వంగింది.

ఒకటి... రెండు... మూడు.

ఆగింది.

చేపే అయ్యుంటుంది అనుకుంది. చేప కాదని ఆమెకీ తెలుసు. పుట్టినప్పట్నుంచీ ఈ మంచు మీదే పెరిగిన పిల్ల.

ఒకటి... రెండు... మూడు.

మేకుకి నాన్న కత్తి వేలాడుతోంది. ఎప్పుడు తీసిందో తనకే తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని దారానికి కత్తి ఆనించింది. తెంపెయ్... వెనక్కి చూడకు... మెల్విన్ గొంతు చెవి పక్కనే వినబడుతోంది. కన్నంలో నల్లటి నీళ్లు మెల్లగా ఊగుతున్నాయి. గడ్డ విరిగి నాన్న ఆ కిందికి పోయుంటే? ఆ లాగేది నాన్నే అయితే?

"దెయ్యమైతే మాత్రం ఏం," అనుకుందట, "మా నాన్నే కదా."

కత్తి పారేసింది. చేతి తొడుగు తీసి దారం పట్టుకుంది. ఏడుస్తూనే తిరిగి లాగింది. ఒకటి, రెండు, మూడు.

అటు నుంచి ఏమీ లేదు.

తర్వాత ఒక్కసారిగా... ఆగకుండా, లెక్కాపత్రం లేకుండా, పిచ్చి పట్టినట్టు లాగడం మొదలైంది.

గుడిసెలోంచి పారిపోబోయింది ఇంగా. తలుపు దాకా వెళ్లి ఆగింది. రెండో గాలం! దాని దారమే కదా రోజూ దీనికి చుట్టుకునేది. బయట జెండా గాలం ఎక్కడో ఉంటుంది. ప్రాణం పోయినా నాన్న రెండొందల అడుగులు దాటి పెట్టడు.

గుడిసె లాగే పొడుగాటి తాడు ఒక కొస తలుపుకి కట్టింది. రెండో కొస నడుముకి చుట్టుకుంది. తాడు బిగిసేదాకా వెళ్లి, అక్కణ్ణుంచి గుడిసె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గాలి రెండుసార్లు పడేసింది. లేచింది. కాలికి ఏదో తగిలింది... ఎర్రజెండా. దాని పక్కన మంచు దిబ్బ. ఆ దిబ్బలోంచి ఒక చెయ్యి, ఇంకా లాగుతూనే ఉంది.

జారిపడి తుంటి విరిగిందట ఆర్విడ్‌కి. కదల్లేకపోయాడు. కూతురు మంచు మీద జారే స్లెడ్జి మీద వేసుకుని, మంచు బండికి కట్టి లాక్కొచ్చింది.

వారం తర్వాత నేనూ మెల్విన్ ఆసుపత్రికి వెళ్లాం. మెల్విన్ గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"చెప్పానా! లాగాడా లేదా టోర్‌స్టెన్?"

"లాగింది నేనురా ముసలి సన్నాసీ," అన్నాడు ఆర్విడ్. "రెండు దారాలూ అడుగున ముడిపడ్డాయని నాకు తెలుసు. ఇటు లాగితే గుడిసెలో కదుల్తుంది. ఎంత అరిచినా వినబడదాయె, ఇంకేం చెయ్యను? ఎవరైనా వస్తే చేపనుకోకూడదని, మూడుసార్లు లాగి ఆగేవాణ్ణి. మా పిల్ల ఎదురు లాగింది చూడు... ఆ క్షణంలో బతికాను."

నాకు నవ్వొచ్చింది. మెల్విన్ నవ్వలేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. మంచం అంచు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"మరి టోర్‌స్టెన్ కూడా..." అన్నాడు.

గొణిగినట్టు అడిగాడు. "దారం తెగితే... అవతల చేతికి తెలుస్తుందా, ఆర్విడ్?"

ఆర్విడ్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత మెల్విన్ నా కొట్టుకి రాలేదు. తన గుడిసెని టోర్‌స్టెన్ మూలకి లాక్కెళ్లి, పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే ఇంటికొచ్చేవాడు. మార్చిలో గుడిసెలు తీసెయ్యాల్సిన గడువొచ్చింది. అందరూ తీసేశారు. ఈయన తియ్యలేదు. గడ్డ అప్పటికే చిటపటలాడుతోంది. చెప్పొద్దామని ఒక సాయంత్రం నేనే వెళ్లాను.

మెల్విన్ కన్నం పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక్కటే గాలం. తొడుగు తీసేసి, దారం వేలికి చుట్టుకున్నాడు.

"పద, ఇంటికెళ్దాం. గడ్డ ఆగదు," అన్నాను.

"ష్..."

దారం కదిలింది. ఒకటి... రెండు... మూడు. ఆగింది.

మెల్విన్ తిరిగి లాగాడు. ఒకటి, రెండు, మూడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"నేను లేచి వెళ్తే మళ్లీ తెంపేశాననుకుంటాడు," అన్నాడు. "కాసేపు నువ్వు పట్టుకో."

నేను దెయ్యాల్ని నమ్మను. కానీ వచ్చేటప్పుడు చుట్టూ చూసుకుంటూనే వచ్చాను. ఆ మూల మొత్తం మీద ఇంకో గుడిసె లేదు, ఇంకో కన్నం లేదు.

నా చెయ్యి ముందుకు రాలేదు.