గ్రాఫు పాఠం క్యాసెట్

"సారూ, చెప్పులు ఆడ ఇడిసి రాండి!"

తిరుపతి ట్రైనింగ్‌లో తులసీబాయి నాతో అన్న మొదటి మాట అది. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో పోకూడదని నాకేం తెలుసు? ఆదోనిలో లెక్కల మాస్టరుని. నల్లబల్ల, సుద్దముక్క, అవసరమైతే బెత్తం. పదేళ్లుగా వీటితోనే నెట్టుకొస్తున్నాను.

"ఏం, గుళ్లోకి వచ్చినట్టు రావాల్నా?" అన్నాను.

"గుళ్లో దేవుడైతే దుమ్ము ఓర్చుకుంటాడు సార్. ఈ మిషన్ ఓర్చుకోదు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే ఆమె మా స్కూలుకే కొత్తగా వచ్చిన సైన్సు టీచరట. ఎమ్మిగనూరు నుంచి రోజూ పొద్దున బస్సుకు వస్తుందట.

ట్రైనింగ్ పదిహేను రోజులు. ఆమె ముందు వరస, నేను వెనక వరస. ఆమె వేళ్లు కీల మీద పరిగెడుతుంటే చూస్తూ కూర్చున్నాను. తెర మీద ఏముందో చూసే తీరిక దొరకలేదు. ఆఖరి రోజు ఆమె వెనక్కి తిరిగి, "అర్థమైందా సారూ?" అంది.

"ఓ! ఇదేం పెద్ద విద్య?" అన్నాను.

నా మెడకు నేనే ఉరి తగిలించుకున్నానని అప్పుడు తెలియలేదు.

ఎనభై ఆరు జూన్‌లో మా స్కూలుకు రెండు కంప్యూటర్లు వచ్చాయి. హెడ్‌మాస్టరు నరసన్న గారు వాటికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గదికి తాళం వేశారు. ఇన్‌చార్జి పేరు దగ్గర సీనియర్నని నా పేరు రాశారు. నేను కాదనలేదు.

ఆగస్టులో పిడుగు పడింది. గురువారం పదకొండు గంటలకు కర్నూలు నుంచి ఆఫీసరు వస్తున్నాడు. తెలుగు మీడియం పిల్లలకు ఇవి దండగ, వేరే స్కూలుకు పంపించేద్దామని మీటింగులో ముందే అనేశాడట. పిల్లలతో ఒక్క పాఠమైనా చేయించి చూపకపోతే రెండూ జీపెక్కి పోతాయి.

తులసీబాయి నెలన్నర కూర్చుని గ్రాఫు పాఠం తయారుచేసింది. రెండు బిందువుల అంకెలు కొడితే తెర మీద గీత దానంతటదే పడుతుంది. ఆ ప్రోగ్రామంతా ఒక క్యాసెట్‌లో ఎక్కించింది. మామూలు పాటల క్యాసెట్టే. ఇంకో క్యాసెట్ తెప్పిస్తామని హెడ్‌మాస్టరు అంటూనే ఉన్నారు.

"లెక్కల పాఠం కదా సార్, ఆఫీసరు ముందర మీరే చెప్పాల," అంది.

"అట్లే," అన్నాను.

శనివారం సాయంత్రం బీరువా తెరిచి క్యాసెట్ జేబులో వేసుకున్నాను. నా తెలివి చూడండి: రేడియో పాఠం లాగా, పాఠమంతా అందులో మాటల్లో చెప్పి ఉంటుందనుకున్నాను. ఇంట్లో టేప్‌రికార్డర్‌లో పెట్టుకుని రెండుసార్లు వింటే గురువారం గట్టెక్కుతానని నా ధీమా.

మీట నొక్కాను. "కీ... గర్ర్... కీయ్..." మని చెవులు చిల్లులు పడే రొద. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. అదే రొద. విసుగొచ్చి, క్యాసెట్‌ను అందులోనే వదిలేసి బజారుకు పోయాను. సోమవారం పొద్దున తీసి, ఎవరూ చూడకుండా బీరువాలో పెట్టేశాను.

గురువారం పది గంటలు. తొమ్మిదో తరగతి పిల్లలు నలభై ఇద్దరూ తలకు నూనె రాసుకుని, వరండాలో చెప్పులు వరసగా పెట్టి లోపల కూర్చున్నారు. బయట మబ్బు కమ్ముకుంది. మా వీధికి ఆ నెలంతా పన్నెండు గంటలకు కరెంటు తీసేస్తున్నారు. అంతలోగా ముగించాలి.

తులసీబాయి టేప్‌రికార్డర్‌ను కంప్యూటర్‌కు తగిలించి మీట నొక్కింది. తెర మీద 'సెర్చింగ్' అని పడింది. అంటే వెతుకుతోందన్న మాట. రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. వెతుకుతూనే ఉంది.

ఆమె టేపు ఆపింది. వెనక్కి తిప్పింది, మళ్లీ పెట్టింది. చివరికి వైరు లాగేసి, టేపును బయటికి వినిపించింది.

చిడతల చప్పుడు. ఆ వెంటనే ఒక పెద్దాయన గొంతు, కన్నడంలో దేవుడి పాట, దేవరనామం, అందుకుంది. పాట మధ్యలో దూరం నుంచి ఒక ఆడగొంతు: "ఏమండీ, కాఫీ సల్లారిపోతాంది."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఎవరిదయ్యా ఈ గొంతు?" అన్నారు హెడ్‌మాస్టరు.

అంగడివాడు పాత క్యాసెట్ అంటగట్టాడని అనేస్తే సరిపోతుంది. నమ్మేస్తారు కూడా. నోరు తెరిచాను. అప్పుడే తులసీబాయి వైపు చూశాను. ఆమె క్యాసెట్‌ను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు.

"మా నాయనది," అన్నాను.

"మీ నాయనదా? ఈ క్యాసెట్టు మీ ఇంటికెట్ల పోయింది?" అంది ఆమె.

"నేనే తీస్కపోయినా. విని నేర్చుకుందామని."

"విని?" ఆమె క్యాసెట్‌ను బల్ల మీద పెట్టేసింది. "పదైదు దినాలు నా ఎనకాలే కూచోని ఏం నేర్చుకున్నారు సార్ మీరు?"

"ఏమీ లేదు. మిమ్మల్ని సూస్తా కూచున్నా."

హెడ్‌మాస్టరు కళ్లద్దాలు తీసి పంచెతో తుడవడం మొదలుపెట్టారు. తులసీబాయి ముఖం ఎర్రబడింది. కోపమో, ఇంకేమో నాకు అంతుపట్టలేదు.

"అది మళ్ల మాట్లాడదాం," అంది పళ్లు బిగబట్టి. పిల్లల వైపు తిరిగింది. "నసీబ్‌బీ, నోట్సు తీయ్. అందరూ తీయండి."

అప్పుడు తెలిసింది నాకు. నలభై ఇద్దరు పిల్లలకు రెండు మిషన్లు చాలవని, ఆమె ఒక్కొక్కరి చేత అట్టముక్క మీద కీలన్నీ గీయించింది. ప్రోగ్రాం మొత్తం నోట్సులో ఎక్కించింది. రెండు నెలలుగా వాళ్లు ఇంటి దగ్గర ఆ అట్టల మీదే వేళ్లు ఆడిస్తున్నారట.

"తలా రెండు లైన్లు కొట్టాల. సారూ, మీరు సదవండి. సదివేదైనా వస్తాది కదా?"

ఆ దెబ్బకు నేను అర్హుణ్ణే. నోట్సు అందుకున్నాను.

లైన్లకు పది, ఇరవై, ముప్పై అని పదేసి నంబర్లు. పదో నంబరు లైను మొదలుపెట్టేసరికి జీపు వచ్చింది. ఆఫీసరు వరండాలో చెప్పుల వరస చూసి, బూట్లు విప్పి లోపలికి వచ్చాడు.

"ఏమిటిది? పాఠం సిద్ధం కాలేదా?"

నేను ముందుకు పోయాను.

"సిద్ధం చేసిన పాఠాన్ని పాడుచేసింది నేను సార్. టీచరమ్మ తప్పేం లేదు. పిల్లలు మళ్లీ ఎక్కిస్తాండారు. పన్నెండు దాకా ఓపిక పట్టండి."

"పిల్లలా?" అంటూ ఆయన వాచీ చూసుకుని కుర్చీ లాక్కున్నాడు.

ఒకరు లేస్తే ఒకరు. ఒక్కరు కూడా కీ వెతుక్కోలేదు. పదకొండు నలభై ఎనిమిదికి ఆఖరి లైను పడింది. నసీబ్‌బీ ప్రోగ్రామును నడిపించే 'రన్' కొట్టింది.

గీత పడలేదు. రెండు వందల పదో లైనులో తప్పుందని తెర మీద వచ్చింది.

ఆఫీసరు కుర్చీలో కదిలాడు. తులసీబాయి పెదవి కొరుక్కుంటోంది. నసీబ్‌బీ మాత్రం నోట్సు మీద వేలు పెట్టి, పైనుంచి ఒక్కో లైనూ తెరతో సరిచూసుకుంటూ వచ్చింది.

"మేడమ్, తొంభయ్యో లైను లేదు. సారు సదవకుండా ఇడిసిపెట్టినారు."

మళ్లీ నేనే! భూమి చీలి నన్ను మింగినా బాగుండును.

ఆ పిల్లే ఆ లైను కొట్టింది. రన్. తెర మీద అక్షాలు పడ్డాయి. వాటి మీదుగా గీత ఏటవాలుగా పైకి పోయింది. పిల్లలు గోల చేశారు.

"నేను చెప్పిన అంకెలు కొట్టు," అన్నాడు ఆఫీసరు. కొట్టింది. ఈసారి గీత కిందికి వాలింది. "ఎందుకు వాలింది?"

"అడ్డం పెరిగేకొద్దీ నిలువు తగ్గినట్టు అంకెలిచ్చినారు సార్. అందుకే కిందికి దిగింది," అంది నసీబ్‌బీ.

అంతలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. అందరం బిక్కచచ్చి ఆఫీసరు వైపు చూశాం. ఆయన లేచి బూట్లు తొడుక్కుంటూ, "ఇవి ఇక్కడే ఉండనీండి. ఇన్‌చార్జి ఎవరు?" అన్నాడు.

హెడ్‌మాస్టరు నా వైపు చూశారు.

"తులసీబాయి గారు సార్. నా పేరు కొట్టేయండి. నాకేమీ రాదు," అన్నాను.

ఆ మాట అన్నాక నాకు నెలల తర్వాత ఊపిరాడినట్టయింది. కానీ ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ మధ్యాహ్నమంతా మాట్లాడలేదు, శుక్రవారం లేదు, శనివారం లేదు. స్టాఫ్‌రూంలో నేను ఒక తలుపులోంచి వస్తే ఆమె ఇంకో తలుపులోంచి పోయేది. నాకు అన్నం సహించలేదు.

ఆదివారం వాన పడుతుండగా మా ఇంటి ముందు రిక్షా ఆగింది. తులసీబాయి దిగింది. వెనకాలే వాళ్లమ్మ అంబాబాయి, చేతిలో పళ్ల సంచితో. కన్నెపిల్ల తల్లిని వెంటబెట్టుకుని, పళ్లతో పెళ్లికాని మాస్టరు ఇంటికి రావడమేమిటి? నేను గుమ్మంలో రాయిలా నిలబడిపోయాను. మా అమ్మ సుభద్రమ్మ మాత్రం గబగబా వచ్చి పెద్దావిడను లోపలికి తీసుకుపోయింది.

మా నాయన భీమసేనరావు చేతులు జోడించారు. "అమ్మా, నీ పాఠం సెరిపింది నేనే. టేపు కీయ్‌మని అరస్తాంటే క్యాసెట్టు సెడిపోయిందనుకుంటి. మా తమ్మునికి పంపేదానికని పాడి పెట్టుకుంటి."

"మీ తప్పు లేదండి. మీకు సెప్పాల్సినోళ్లు సెప్పలేదు."

నేను నేలచూపులు చూశాను.

"మావానికి ఆ కంప్యూటర్ ఇద్దె ఏమన్నా వస్తాదా తల్లీ?"

"ఏమీ రాదండి."

"నేర్పితే వస్తాదా?"

నాలుగు రోజులలో మొదటిసారి ఆమె నన్ను తేరిపార చూసింది. చూపు కరుకుగానే ఉంది. పెదవులు మాత్రం మాట వినడం లేదు.

"అబద్ధం ఆడకుండా ఉండేది ఇప్పటికే నేర్చుకున్నారు. మిగతాది నిదానంగా వస్తాది. దినామూ పక్కన కూచోబెట్టుకోని నేర్పాల."

"ఎన్ని దినాలు పడ్తాది?"

ఆమె తల దించుకుంది. "బతుకంతా పట్టేట్టుందండి."

మా నాయన కాసేపు ఆమెను చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ పైన వంటింటి వైపు తిరిగి గొంతెత్తారు.

"సుభద్రా! పంచాంగం యాడ పెట్టినావే?"