రెండో పూత

గోడమీది గాలిపలక ఆ ఉదయం కూడా ఎర్రగానే ఉంది. కాకినాడ గాలిలో వైరస్ ఎంతుందో చెప్పే పలక అది. కనకరత్నం దానివైపు చూడనైనా లేదు. ఆమె చూపంతా కూతురు హంస ఒళ్లోని తొమ్మిది రోజుల మనవడి మీదే ఉంది.

హంస రొమ్ము అందించింది. వాడు వెతకలేదు, పట్టుకోలేదు. సీసా నోట్లో పెడితే మాత్రం గుటకలు వేశాడు.

"వాడికి నేనెవరో తెలీదమ్మా," అంది హంస. "నేనెత్తుకున్నా ఒకటే, ఆయా ఎత్తుకున్నా ఒకటే."

ఇరవయ్యేళ్లుగా కనకరత్నం ఈ ప్రసూతి ఆసుపత్రిలో పూతకర్త. పుట్టిన అరగంటలోగా ప్రతి బిడ్డ ముక్కులోనూ మాయతాళాల పూత వేయడం ఆమె పని. కరోనా జాతి వైరస్‌కి ఒంటినిండా కొమ్ములు. మన కణం గుమ్మానికున్న తాళంలో కొమ్ము ఇమిడిందంటే, మన కణంలోని కత్తెరే దాన్ని కోసి దారి ఇస్తుంది. వైరస్ పొర కణం పొరలో కలిసిపోతుంది. పూతలోని మాయతాళాలు ఆ కొమ్ముల్ని ముందే పట్టేసుకుంటాయి. ఈ పూత వచ్చాక పురిటిగదుల్లో పసిగుడ్ల చావులు ఆగిపోయాయి. అది తలచుకుని ఆమె ఎన్నోసార్లు గర్వపడింది.

ఒక పూతకు వాసన తెలియడం కాస్త మందగిస్తుంది, అంతే. కానీ సొంత మనవడాయె! ఒక్కటే వెయ్యాలన్న రూలు పక్కనపెట్టి, వాడు పుట్టిన రోజున రెండోది కూడా వేసింది. ఆయా చూసి నవ్వి ఊరుకుంది. పసివాడు తల్లిని పోల్చుకునేది వాసనతోనని ఆ క్షణంలో కనకరత్నానికి తట్టనే లేదు.

"వాడికి రెండు పూతలు వేశానే, హంసా."

హంస వాడి ముక్కు తడిమింది. "తీసెయ్యలేవా?"

"తీస్తే ముక్కు లోపలి పొర ఊడొస్తుంది. ఆర్నెల్లకి అదే కరుగుతుంది."

"అప్పటిదాకా నాకు పాలుంటాయా అమ్మా?"

ఇంతలో గంట మోగింది. పక్కగదిలో కాన్పయింది.

కనకరత్నం చేతిలోని పూతగొట్టం చూడగానే బాలింత ముఖం విప్పారింది. "మీ మనవడికి రెండు వేశారటగా! మా పాపకీ ఇంకోటి వెయ్యండి అమ్మగారూ, మీకు పుణ్యముంటుంది."

పలక ఎర్రగా ఉంది. పూత వేయాల్సిన అరగంటలో ఇంకా పద్నాలుగు నిమిషాలే మిగిలాయి. కనకరత్నం గొట్టం జేబులో పెట్టుకుని, పాపని తల్లి గుండెలకి చేర్చింది.

"ముందు పాలు పట్టు తల్లీ. నీ వాసన తెలియనీ."

పాప ముక్కుతో తడుముకుంటూ వెతికి, పట్టుకుంది. కనకరత్నానికి ఏడుపు ఆగలేదు. నిమిషాలు గడిచిపోతున్నా గొట్టం బయటికి తీయడానికి ఆమెకి చెయ్యి రాలేదు.