పాత రీల్, కొత్త దారం

జోర్డాన్ లేక్ ఒడ్డున అదితికి సొంత చోటు ఒకటుంది. సొంతమంటే కాగితాల మీద కాదు. నీళ్ళలోకి ఒరిగిపోయిన ఓక్ చెట్టు పక్కన, నాలుగేళ్ళుగా శనివారం పొద్దున్నే వచ్చి తనే నిలబడుతోంది కాబట్టి అది తనదేనని ఆమె గట్టి నమ్మకం. మార్చి నెలలో ఒక శనివారం సన్నటి తుంపరలో అక్కడికి వచ్చేసరికి, ఆ చోటులో ఎవరో అబ్బాయి ఉన్నాడు. కొత్త జాకెట్, కొత్త బూట్లు, పట్టుకుంటే బరువే తెలియనంత తేలికైన కొత్త గాలం.

అదితి పక్కనే నిలబడి తన గాలం విసిరింది. సరిగ్గా అప్పుడే అతనూ విసిరాడు. పరిచయం కూడా లేకుండా రెండు దారాలూ గాల్లోనే ఒకదాన్నొకటి చుట్టేసుకుని నీళ్ళలో పడ్డాయి.

అతని దారం బ్రెయిడ్. సన్నటి పోగుల్ని అల్లి చేసిన కొత్తరకం. ఆమెది మామూలు నైలాన్. అతను ఓపిగ్గా ఒక్కో చిక్కూ విప్పుతుంటే అదితి జేబులోంచి కత్తెర తీసి అతని దారాన్ని టక్కున కత్తిరించింది. అతను ఆమె టోపీ మీద ఉన్న తెలుగు సంఘం పేరు చదివాడు.

"అడగకుండనే కట్ చేసిన్రు," అన్నాడు తెలుగులో.

"ఇది నా స్పాట్. నువ్వు కొత్త కదా, నీకు తెలీదు," అంది.

మొదటి మాటకే నువ్వు. అమెరికాలో, ఆ పక్కనే ఉన్న మోరిస్‌విల్‌లోనే పుట్టి పెరిగిన అదితి దృష్టిలో 'మీరు' అనేది అమ్మానాన్నల స్నేహితులకి మాత్రమే వాడే మాట. అతనికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహంతోనే ఆమె చేతిలోని పసుపుపచ్చ ఫైబర్‌గ్లాస్ రాడ్‌నీ, దానికి బిగించిన, దారం చుట్టే లోహపు రీల్‌నీ పరకాయించి చూశాడు. ఆ రీల్ పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో తయారైంది. ఆమె కంటే ఇరవై మూడేళ్ళు పెద్దది.

"దీన్ని మ్యూజియంల పెట్టాలె గదా," అన్నాడు.

"చూడు మరి. టికెట్ ఫ్రీ."

అరగంటలో ఆమె మూడు బాస్ చేపల్ని పట్టి, కొలిచి, మళ్ళీ నీళ్ళలో వదిలేసింది. అతనికి ఒక్కటీ పడలేదు. వెళ్ళేటప్పుడు తనంతట తనే పేరు చెప్పాడు. వేదాంత్. ఊరు ఖమ్మం. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది.

పై శనివారం మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎక్కడ నిలబడాలో అడిగి మరీ నిలబడ్డాడు, అయిదు చేపలు పట్టాడు. అప్పుడు తెలిసింది అదితికి, మనిషికి పని వచ్చునని. ఇద్దరిదీ ఒకటే పద్ధతి, ఫినెస్. బలం చూపించడం ఉండదు. సన్నటి దారం చివర వేలెడంత మెత్తని ప్లాస్టిక్ పురుగుని కట్టి, నీటి అడుగున కదిలీ కదలనట్టు ఉంచి, చేపని బతిమాలి ఒప్పించాలి. కొత్త రాడ్ అయితే చేప ఊపిరి కూడా చేతికి తెలుస్తుందని అతని వాదన. పాత ఫైబర్‌గ్లాస్ పిడి దాకా వంగుతుంది కాబట్టి ఎంత సన్న దారమైనా తెగనివ్వదని ఆమె వాదన. ఆ వాదన చెరువు దగ్గర మొదలై, మోరిస్‌విల్ దోసెల హోటల్లో కొనసాగి, రెండో కాఫీతో కూడా తేలేది కాదు. తేలకూడదనే ఇద్దరికీ ఉందని హోటల్ వాళ్ళకి కూడా అర్థమైపోయింది.

వారమంతా అదితి ఫిజికల్ థెరపిస్ట్‌గా జనం భుజాలూ మోకాళ్ళూ బాగుచేస్తుంది. సాయంత్రాలు గ్యారేజ్‌లో పాత రీల్స్ బాగుచేస్తుంది. తన రీల్స్ మీద ఛస్తే బ్రెయిడ్ చుట్టనని వేదాంత్‌తో ఒకటికి పదిసార్లు చెప్పింది. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమెకి అలవాటు లేదు. తప్పు ఒప్పుకోవడం అసలే లేదు. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో మెయిల్‌బాక్స్‌ని గుద్దేసి, అది ఉండకూడని చోట ఉందని వాళ్ళ నాన్న విశ్వనాథం గారి చేతే ఒప్పించిన పిల్ల.

సెప్టెంబర్‌లో వేదాంత్ ఒక మాట అడిగాడు. వాళ్ళ టీమ్ మొత్తం టెక్సాస్‌కి, ఫ్రిస్కోకి మారుతోంది. వెళ్ళొచ్చు, లేదా ఇక్కడే ఇంకో టీమ్‌లో చేరొచ్చు. వెళ్ళేటట్టయితే వీసా పేపర్లు మార్చాలి కాబట్టి రెండు వారాల్లో, సోమవారానికల్లా, లాయర్‌కి చెప్పెయ్యాలి.

"ఏం చెయ్యమంటవ్?" అన్నాడు. అడిగేటప్పుడు ఆమె వైపు కాకుండా నీళ్ళ వైపు చూశాడు.

"నీ కెరీర్. నీ డెసిషన్. నువ్వు ఏది చేసినా ఐ విల్ సపోర్ట్," అంది అదితి.

చాలా హుందాగా చెప్పానని ఒక గంటసేపు మురిసిపోయింది. ఆ తర్వాత గంటలో భయం పట్టుకుంది. శనివారాలు గుర్తొచ్చాయి. ఈ మనిషి లేని శనివారం ఎలా ఉంటుందో ఊహించబోయి మానేసింది. వెళ్ళొద్దు అని ఒక్క మాట అంటే చాలు. కానీ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని అమ్మాయికి ఆ ఒక్క మాటే పెగల్లేదు. రోజులు గడిచి గడువుకి ముందున్న శనివారం రానే వచ్చింది.

ఆ రోజే తెలుగువాళ్ళ గాలం క్లబ్ పోటీ. క్లబ్ నడిపేది వీరభద్రం అంకుల్. రిటైరయ్యాక ఆయనకి ఉన్న ఒకే ఒక్క పని కొత్త రూల్స్ కనిపెట్టడం. ఈ ఏటి రూల్ ఏమిటంటే జంటలుగా దిగాలి, ఒకరి చేతిలో నలభై ఏళ్ళు దాటిన గాలం ఉండాలి, ఇంకొకరి చేతిలో కొత్తది. పది గంటలకి మార్చుకోవాలి. పట్టిన చేపని పలక మీద పెట్టి కొలిచి, ఫోటో తీసి వదిలెయ్యాలి. పన్నెండింటికి ఎవరి చేపల పొడవు కలిపితే ఎక్కువ వస్తుందో వాళ్ళు గెలిచినట్టు.

పది తర్వాత తన పాత రీల్ వేదాంత్ చేతికి వెళ్తుంది. అతని వేళ్ళకి బ్రెయిడ్ అలవాటు. అదితి శుక్రవారం సాయంత్రం దుకాణానికి వెళ్ళి, అతను వాడే రంగుదే ఒక చుట్ట కొనుక్కొచ్చింది. నోటితో అనలేని మాట చేత్తో చెబుదామని. నాలుగేళ్ళుగా నైలాన్‌ని ఎలా కడుతోందో అలాగే ముడివేసి, రీల్‌లో అద్దంలా మెరిసే స్పూల్ కండె మీద వరసగా, ముచ్చటగా చుట్టింది.

పోటీలో పది దాకా వాళ్ళదే పైచేయి. గాలాలు మార్చుకున్నప్పుడు వేదాంత్ రీల్ మీద దారం చూశాడు. ఆమెని చూశాడు. నవ్వు దాచుకోలేకపోయాడు. అదితి అవసరం లేకపోయినా టోపీ సర్దుకుంది.

పదకొండున్నరకి ఓక్ చెట్టు నీడలో చేప పడింది. నీళ్ళ పైకి ఒక్కసారి ఎగిరేసరికి ఒడ్డున అందరూ చూశారు. ఇరవై అంగుళాలకి తక్కువ ఉండదు. పాత రాడ్ పిడి దాకా వంగింది. వేదాంత్ హ్యాండిల్ తిప్పాడు. దారం రాలేదు. గబగబా తిప్పాడు. అయినా రాలేదు. చేప తనకి నచ్చినంత దారం లాక్కుని, తీరిగ్గా చెట్టు కొమ్మల్లోకి దూరి, దాన్ని తెంపుకుని వెళ్ళిపోయింది.

రెండంగుళాల తేడాతో రెండో స్థానం వచ్చింది. అంకుల్స్ అందరూ వేదాంత్ చుట్టూ చేరారు. కుర్రాడు తొందరపడ్డాడని ఒకాయన, పాత సామాను వీళ్ళకేం తెలుస్తుందని ఇంకొకాయన.

"నాదే తప్పు అంకుల్. డ్రాగ్ లూజ్ పెట్టిన," అన్నాడు వేదాంత్.

డ్రాగ్ అంటే రీల్‌లో ఉండే బ్రేక్. దాన్ని పొద్దున్న తనే బిగించింది అదితి. చేతకాక తన రీల్‌ని వదులు చేశాడేమోనని మండిపడుతూ కార్ దగ్గరికి వెళ్ళి, చూసింది. డ్రాగ్ ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. అనుమానం వచ్చి, చుట్టిన దారం మీద బొటనవేలు ఆనించి నెట్టింది. స్పూల్ కదల్లేదు. దాని మీది దారం మొత్తం, చేతి మీద వదులు గాజు తిరిగినట్టు, గుండ్రంగా తిరిగింది.

నైలాన్ స్పూల్‌ని పట్టుకుంటుంది. బ్రెయిడ్ నున్నగా జారిపోతుంది. అందుకే అడుగున ముందు నాలుగు చుట్లు నైలాన్ వేసి, దాని మీద బ్రెయిడ్ చుట్టాలి. బ్రెయిడ్ వాడేవాళ్ళు మొదటి రోజే నేర్చుకునే సంగతి అది. ఎప్పుడూ వాడనని భీష్మించుకున్న అదితికి మాత్రమే తెలియదు. మరి వేదాంత్‌కి? హ్యాండిల్ మొదటిసారి తిప్పినప్పుడే తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ అందరి ముందూ నింద తన మీద వేసుకున్నాడు.

అదితికి కళ్ళు మండాయి. సిగ్గు వేసింది, ప్రేమ పొంగింది, ఏది ముందో తేల్చుకునే ఓపిక లేక రీల్ పట్టుకుని పిక్నిక్ షెడ్ వైపు నడిచింది.

అక్కడ పులిహోర, చికెన్ వేపుడు వడ్డిస్తున్నారు. గరిటె విశ్వనాథం గారి చేతిలో ఉంది.

"వీరభద్రం అంకుల్, వేదాంత్ అబద్ధం చెప్పాడు," అంది అదితి, షెడ్ మొత్తం వినేలా. "డ్రాగ్ కరెక్ట్‌గానే ఉంది. బ్రెయిడ్ చుట్టింది నేను. కింద నైలాన్ వెయ్యలేదు. తప్పు నాది."

విశ్వనాథం గారి గరిటె మధ్యలో ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ వాక్యం ఆయన వినడం ఇదే మొదటిసారి.

బ్రెయిడ్ అంటే పడదన్నావు, ఎందుకు చుట్టావమ్మా అని వీరభద్రం అంకుల్ అడగనే అడిగాడు. వేదాంత్‌కి అదే అలవాటు కాబట్టి, అంది అదితి. ఆయన ఇంకేదో అడగబోయి, భార్య చూపు చూసి పులిహోర మీద దృష్టి పెట్టాడు.

అదితి వేదాంత్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆ రోజు నువ్వు అడిగావు కదా, ఏం చెయ్యాలి అని. నీ డెసిషన్ అన్నాను. అది కూడా నా తప్పే." రీల్‌ని అతని ముందు పెట్టింది. "నువ్వు ఫ్రిస్కో వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఐ లవ్ యూ. ఇక్కడే ఉండు. నేను అడుగుతున్నాను."

వేదాంత్ ప్లేట్ బల్ల మీద పెట్టాడు.

"బ్రెయిడ్ చూసినప్పుడే సమజైంది నాకు. కానీ దారం చూసి ఉండిపోలేను గదా. నువ్వు అనాలె," అన్నాడు. "ఆ ఇంకో టీమ్‌ల పని మస్తు బోర్ ఉంటది, తెల్సా?"

"తెలుసు."

"రోజూ నీతోని చెప్పి విసిగిస్త."

"వింటాను."

"అయితే ఉంట. సోమవారం అదే చెప్త," అన్నాడు. "నాక్కూడా నువ్వంటే ప్రాణం. కత్తెర తీసిన రోజు నుంచి."

ఆరు నెలలుగా, చేపల గురించే అని చెప్పి రెండేసి గంటలు సాగే ఫోన్లు వింటూ, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఊరుకున్న అదితి అమ్మ అనురాధ గారు చేతులు తుడుచుకుని ముందుకొచ్చారు. కూతురి భుజం మీద చెయ్యి వేసి, వేదాంత్ వైపు తిరిగారు.

"మీ అమ్మగారి నంబర్ చెప్పు బాబూ. ఇప్పుడు ఖమ్మంలో రాత్రి పది అవుతుందేమో, పడుకుని ఉండరు కదా?"

పడుకోరని చెప్పి వేదాంత్ బెరుగ్గా అదితిని చూశాడు. కొన్నాళ్ళు ఆగుదామంటుందేమోనని. ఆమె అప్పటికే తన ఫోన్ తీసి పట్టుకుంది.

"నంబర్ చెప్పు," అంది. "ముందు నేను మాట్లాడతాను."