మళ్ల అడగాలె గద

"ఓ సార్, జర ఆగుండ్రి! ఆయన చెప్పిన రేటుకే తీసుకుంటున్నరా ఏంది?"

కూరగాయల బండి దగ్గరున్న ప్రణీత్ ఉలిక్కిపడి తిరిగాడు. ఎదురుగా, అతను కొత్తగా అద్దెకు దిగిన ఇంటివాళ్ళ అమ్మాయి. మాస్కు పైన కనిపించేవి కళ్ళు మాత్రమే. ఆ కళ్ళ నిండా కోపం.

"అవునండీ. ఏం?"

"ఏం అంటరేంది? మీరు ఆయన అడిగినంత ఇచ్చిపోతే రేపటి సంది గల్లీ మొత్తానికి గదే రేటు జేస్తడు!"

అతని చేతిలోని సంచీ లాక్కుని టమాటాలన్నీ మళ్ళీ బండిలోనే కుమ్మరించింది. బండివాడితో గుజరాతీలో ఏదో గడగడా అనేసి, "నడువుండ్రి. ఎనకకు సూడకుండ్రి, పిలుస్తడు" అంది.

నాలుగడుగులు వేశారో లేదో, బండివాడు నిజంగానే పిలిచాడు. ప్రణీత్ నోరెళ్ళబెట్టాడు.

"ఇంత సదువుకున్నరు, బేరం ఆడుడు రాదా సార్?"

"సిలబస్‌లో లేదండీ."

సుభాషిణి నవ్వకూడదనుకుంది గానీ, మాస్కు కింద బుగ్గలు పొంగాయి.

ప్రణీత్ నరసరావుపేటవాడు. సూరత్‌లో వంతెనల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. లాక్‌డౌన్‌లో హాస్టల్ మూసేశారు, రైళ్ళు లేవు. ఎవరో తెలుగువాళ్ళు చెప్తే పాండేసరలో సాంబయ్య ఇంటి మేడ మీద గది తీసుకున్నాడు. సాంబయ్య రంగుల మిల్లులో పనివాడు. సుభాషిణి ఆయన కూతురు. పదో తరగతి గుజరాతీ మీడియంలో చదివి, లెక్కల్లో తప్పి, మళ్ళీ బడి మొహం చూడలేదు. మార్కెట్లో చీరలు కొని ఫోన్ మీద అమ్ముతుంది. బేరంలో ఆమె ముందు ఏ సేఠ్ అయినా దిగిరావలసిందే!

"మళ్ళీ పరీక్ష రాయొచ్చు కదండీ, సుభాషిణి గారూ. లెక్కలు నేను చెప్తాను."

"సదివి మీలెక్క టమాటాలు కొనాల్నా?"

అట్లా అనేది గానీ, పుట్టి బుద్ధెరిగాక తనను 'గారూ' అన్నవాడు అతనొక్కడే. మొదట కిసుక్కున నవ్వేది. తర్వాత తర్వాత ఆ పిలుపు కోసం మెట్ల దగ్గర ఏదో ఒక పని కల్పించుకునేది. అతను లాప్‌టాప్‌లో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషులో పాఠం చెప్తుంటే మెట్ల మీద కూర్చుని వినేది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయినా వినేది. పీహెచ్‌డీ చేసే ఆయన టెన్త్ ఫెయిల్‌ను చేసుకుంటడా అని తనకు తనే చీవాట్లు పెట్టుకుని, పొద్దున్నే మళ్ళీ ఆ మెట్లే ఊడ్చేది.

రెండో ఏడు ఎండాకాలం సాంబయ్యకు కరోనా వచ్చింది. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. సుభాషిణి డాక్టర్లను అడగలేదు. ఆసుపత్రి గేటు ముందు చాయ్ అమ్మేవాణ్ణి అడిగింది. ఏ వార్డులో ఎవరు ఇంటికి వెళ్తున్నారో వాడికి తెలియనిది లేదు. సాయంత్రానికల్లా మంచం దొరికింది.

అప్పుడు ఊరంతా ఒక ఇంజెక్షన్ కోసం పరుగులు పెడుతోంది. వరాఛా పేటలో బ్లాకులో అమ్మేవాణ్ణి కూడా పట్టేసింది ఆమె. ప్రణీత్ ఫైలు చదివాడు, డాక్టర్‌తో మాట్లాడి వచ్చాడు.

"కొనకండి. మీ నాన్నగారికి అది అవసరం లేదన్నారు. వాడమ్మే సీసాలో ఏముందో ఎవరికి తెలుసు?"

"అందరు కొంటున్నరు సార్! మా బాపుకేమన్న అయితే?"

"నామీద నమ్మకం ఉంచండి."

ఆసుపత్రి వరండాలో ఆమె చేతులు పట్టుకున్నాడు. ఎవరి మాటా ఊరికే నమ్మని సుభాషిణి ఆ మాట నమ్మింది. సాంబయ్య నడుచుకుంటూ ఇల్లు చేరాడు. కానీ ఆమె చేతులు మాత్రం ఆ వరండాలోనే, అతని చేతుల్లోనే ఉండిపోయాయి.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆమె మేడ మీద బట్టలు తీస్తుంటే ప్రణీత్ వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"బెజవాడ కాలేజీలో ఉద్యోగం వచ్చిందండీ. మీకు ఇష్టమైతే... పెళ్ళి చేసుకుందాం. నాతో వస్తారా?"

గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ తన పని తాను చేసేసింది.

"బెజవాడల నాకేం పని సార్? వద్దు."

మార్కెట్లో ఏదైనా నచ్చితే ముందు వద్దనాలి. మొహం తిప్పుకోవాలి. ఎదుటివాడు మళ్ళీ పిలుస్తాడు. ఆమెకు తెలిసిన లోకం అదే. మొహం తిప్పుకుని, తడి చొక్కా మడత పెడుతూ ఎదురుచూసింది.

"సరేనండీ. ఇబ్బంది పెట్టినట్టున్నాను, క్షమించండి."

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వారం తర్వాత సాంబయ్యకూ ఆయన భార్య కనకవ్వకూ దండం పెట్టి ఆటో ఎక్కాడు. ఆటో మలుపు తిరిగేదాకా, ఇంకొక్కసారి అడుగుతాడనే అనుకుంది సుభాషిణి.

పై గది ఖాళీ. మెట్లు ఊడవబుద్ధి కాలేదు. వాన పడితే తలుపు దగ్గర నిలబడేది. ఆదివారం ఆదివారం సాంబయ్యకు ఫోన్ చేసేవాడు ప్రణీత్. మందులు వేసుకుంటున్నారా, కనకవ్వగారు బాగున్నారా అని అడిగేవాడు. ఆమె పేరెత్తడు. సుభాషిణి వంటింట్లో స్టవ్ ఆపేసి, ఊపిరి బిగబట్టి వినేది. ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకుంటే, ఉల్లిగడ్డ అనడానికి చేతిలో ఉల్లిగడ్డైనా లేకపాయె!

తల్లి పట్టేసింది. "ఏమడిగిండే నిన్ను?"

"చేసుకుంటనన్నడు. నేను వద్దన్న."

"వద్దంటే పోక ఏం జేస్తడు?"

"మళ్ల అడగాలె గదవ్వా!" సుభాషిణి బావురుమంది.

"ఓసి నీ తెలివి సల్లగుండ! ఆ పిలగాడు నీ తాన చీర కొననీకి వచ్చిండానే?"

సాంబయ్య అంతా విని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "లే బిడ్డా. టికెట్ జేపిస్త."

తండ్రీకూతుళ్ళు బెజవాడలో కాలేజీ గేటు ముందు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. సాంబయ్య చెరుకురసం బండి దగ్గర ఆగి, గేటువైపు వీపు పెట్టి, అవసరం లేకపోయినా రెండో గ్లాసు కూడా తాగుతున్నాడు.

ప్రణీత్ బయటికొచ్చాడు. చిక్కిపోయాడు. ఆమెను చూసి అక్కడే ఆగిపోయాడు.

"నాన్నగారికి మళ్ళీ ఏమైనా..."

"బాపుకేం గాలే. సార్, ఒక్కటే అడుగుత. మళ్ల ఎందుకు అడగలే నన్ను?"

"మీరు వద్దన్నారు కదండీ" అన్నాడతను. "వద్దన్న అమ్మాయిని మళ్ళీ మళ్ళీ అడిగితే వేధించినట్టవుతుంది. రోజూ ఫోన్ తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. ఎంత కష్టంగా ఉన్నా, మీ మాటకు విలువివ్వాలి కదా."

తను నోటికొచ్చిన అబద్ధం ఒకటి అనేస్తే, దాన్ని ఇంత పదిలంగా దాచుకుని, ఇన్నాళ్ళు ఏడ్చిన మనిషి! సుభాషిణి మాస్కు తీసేసింది. దాచుకోవాల్సింది ఇంకేం మిగల్లేదు.

"నేనే అడుగుత. నాకు భయమైతున్నది, నవ్వకుండ్రి. మీరు లేక నాకు ఒక్క పూట గడుస్తలేదు. టెన్త్ ఫెయిల్‌ను. ఈడ మీ దోస్తులు నవ్వినా సరే. నన్ను చేసు—"

"ఊఁ" అన్నాడు ప్రణీత్.

"ఇంకా నేను అడగనే లేదు!"

"ఊఁ అన్నానుగా" అన్నాడు, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ.