లోపల ఒకరు

1998 ఆగస్టు. ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబాయి. పేరు రాయను. మధ్యాహ్నం రెండున్నరకే ముసురు పట్టి దీపాల గది చీకటైపోయింది. బాయిలోకి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే దీపం తీసుకుపోయేది ఆ గదిలోనే. తడిసిన బొగ్గు, తోలు బెల్టులు, బ్యాటరీ యాసిడ్... అన్నీ కలిసిన ఘాటు వాసన.

అక్కడ నేను ప్రోగ్రాం రాస్తున్నాను. డిగ్రీలున్న ఇద్దరు మూడు నెలలు టీలు తాగి వదిలేసిపోయిన పని. ఆఫీసు, దవాఖాన, దీపాల గది కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకటే పేర్ల పట్టీ. డైరెక్టరీ అంటారు. అందులో ఒక్కో కార్మికుడికి ఒక గూడు. దీపం తీసుకుంటే ఆ గూట్లో ‘లోపల’ అని పడాలి. తిరిగిస్తే ‘బయట’. నా ప్రోగ్రాం డైరెక్టరీని అడిగి, భూమి లోపల ఎందరున్నారో చెబుతుంది. అంతకుముందు ఆ లెక్క గోడకు వేలాడే ఇత్తడి బిళ్లలు చెప్పేవి.

కొన్న లైసెన్సు నాలుగు వందల పేర్లకే. నిండిపోయింది. ఆ పొద్దున కొత్తగా చేరి, నేను రాకముందే బాయిలోకి దిగిన హనుమంతుకు చోటు లేదు. నేను అతని మొహం చూడలేదు, కాగితం చూశానంతే. జూన్‌లో బాయి కప్పు కూలి చనిపోయిన కొండల్ గూడు ఖాళీగానే ఉంది కదా! పేరు మార్చేశాను. కొండల్ పోయి హనుమంతు వచ్చాడు. గూడు అదే. ‘లోపల’ అని కొట్టాను.

దీపాలు తుడుస్తున్న దశరథం చెయ్యి ఆగిపోయింది.

“ఏం పని చేసినవమ్మా! శవం సుత దొరకలే. పెండ్లాం వచ్చి బాయి మీద నిలవడి, ఇంటికి రా అని మూడుసార్లు పిలిచేదాక పోయినోని బిళ్ల మేం ముట్టం. లింగవ్వ ఇంకా పిలువలే.”

“కంప్యూటర్‌కు పిలుపులు వినవడయి కాకా.”

“నీ నోటికి మొక్కాలె!” అని దీపాలెత్తుకుని పక్క గదికి పోయాడు.

మూడు గంటలకు షిఫ్టు పైకి ఎక్కింది. ఆ రోజు లెక్క మామూలు లెక్క కాదు. మూడో సొరంగంలో బొగ్గు అంటుకుంది. అందరూ బయటపడ్డాక ఇటుక గోడ పూర్తి చేసి గాలి బంద్ చేయాలి. గోడ మూసుకున్నాక లోపల మనిషుంటే, ఇక లేనట్టే.

ఫోన్‌లో మేనేజర్ జనార్దన్‌రావు. “సున్నా అని చెప్పవమ్మా! తాపీవాళ్లు ఇటుకలు పట్టుకొని నిలవడ్డరు.”

తెర మీద: లోపల ఒకరు. హనుమంతు.

తలెత్తాను. కిటికీ అవతల ఒకడు నిలబడి ఉన్నాడు. నెత్తి నుంచి కాళ్లదాకా బొగ్గు. కళ్లు మాత్రమే తెల్లగా. దీపం బల్ల మీద పెట్టాడు.

“హనుమంతువేనా?”

తలూపాడు. చాలా నెమ్మదిగా.

“మొదటిరోజే గింత ఆలస్యమా? నీకోసం బాయంత ఆగింది. పో, కడుక్కో.”

కదల్లేదు. ‘బయట’ అని కొట్టాను.

అప్పుడు కదిలాడు.

తెర మీద సున్నా. ఊపిరి పీల్చుకునేలోపే... లోపల ఒకరు.

మళ్లీ కొట్టాను. సున్నా. మళ్లీ... ఒకరు.

నాకు తెలిసిన రోగమే అనుకున్నాను. డైరెక్టరీకి రెండు నకళ్లు. ఒకటి ఆఫీసులో, ఒకటి దవాఖానలో. ఒకదానికి కబురు ఆలస్యమైతే పాతమాటే తిరిగి పంపుతుంది. మనిషిని నా కళ్లతో చూశాను, ఇక మిషన్‌ను నమ్ముతానా? రెండు నకళ్లలోనూ చేత్తో దిద్దాను. సున్నా. ఈసారి నిలిచింది.

“సున్నా సార్,” అన్నాను.

దీపం తీసి పెట్టబోయాను. మంచుగడ్డలా ఉంది. షిఫ్టంతా వెలిగిన దీపం వెచ్చగా ఉండాలి. అద్దం లోపల నీళ్లు. తీగ నిండా పచ్చటి తుప్పు...

దశరథం గుమ్మంలోకి వచ్చాడు.

“హనుమంతు ఏడమ్మా? వాని జతగాళ్లు దేవులాడుతున్నరు.”

“ఇప్పుడే దీపమిచ్చి పోయిండు గదా...”

అతను దీపం మీది నంబరు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

“గిది కొండల్‌ది,” అన్నాడు గుసగుసగా.

ఫోనెత్తాను. బాయంతా వినేంతగా అరిచాను. “గోడ ఆపుండ్రి! లోపల మనిషున్నడు!”

ఎనిమిది ఇటుకలు తక్కువగా ఆగింది గోడ. పొగలోంచి హనుమంతును ఎత్తుకొచ్చారు. బతికాడు. దవాఖానలో కళ్లు తెరిచి ఒకటే మాట. “ఒకాయన తొవ్వ చూపిస్త రమ్మన్నడు. నన్ను సొరంగంల కూసుండవెట్టి... ఆయన పైకెక్కిండు.”

మర్నాడు పొద్దున్నే లింగవ్వ వచ్చింది. మొగుణ్ని పిలవడానికేమో అనుకున్నాను. కిటికీలోంచి వంగి నా చెయ్యి పట్టుకుంది. చల్లటి చెయ్యి. మోచేతిదాకా నలుపు.

“అక్కా, నీ కాళ్లు మొక్కుత. ఆయనను మల్ల లోపల అని రాయకు. నిన్న మాపటికి ఇంటికొచ్చిండు.”

చెయ్యి లాక్కోబోయాను, ఆమె వదల్లేదు.

“నోరు తెరుస్తలేడు. వచ్చినకాడి నుంచి నీళ్లు పోస్తనే ఉన్న. నలభై బిందెలైనయి. ఎంత రుద్దినా నలుపే ఊడుతున్నది అక్కా...”

ఆమె చుట్టూ చూసి, ఇంకా గొంతు తగ్గించింది.

“...మనిషి తగుల్తలేడు.”