రాణీ గుమ్మంలో ఎర్ర దీపం

రతన్‌పూర్ దాటి రెండు మైళ్ళు పోయాక, చేల మధ్యన ఒంటరిగా ఒక రాతి గుమ్మం ఉండేది. గోడల్లేవు, కప్పు లేదు, తలుపులు అసలే లేవు — ఉత్త గుమ్మం. అక్కడి జనం రాణీ చౌఖట్ అనేవారు, మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్ళు రాణీ గుమ్మం అనేవారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా, పొద్దు వాలాక ఆ దారిన పోయే మొనగాడు మాత్రం ఉండేవాడు కాదు.

ఎందుకంటే... చీకటి పడ్డాక ఆ గుమ్మంలో ఎర్రగా ఓ దీపం వెలుగుతుందట.

వెనకటికి ఎప్పుడో, శత్రువులు వచ్చి పడ్డ రాత్రి, ఒక రాజుగారు రాణిని ఆ గుమ్మంలో నిలబెట్టి, "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అని గుర్రమెక్కి ఉడాయించాడట. ఆవిడ దీపం పట్టుకుని ఇంకా చూస్తూనే ఉందట. ఆ దీపాన్ని చూసి, పక్కనున్న మనిషిని వదిలేసి పరిగెత్తిన మగాడు మళ్ళీ ఇల్లు చేరడట.

ఈ ముచ్చటంతా సౌభాగ్యకి చెప్పింది పక్క క్వార్టర్ అచ్చియమ్మ. అదీ సరిగ్గా ఆలుమగలు రతన్‌పూర్ బయల్దేరే ఉదయమే, బొగ్గుల కుంపటి విసురుకుంటూ.

"ఏటమ్మీ, రతన్‌పూరు ఎల్తన్నారా? అచ్ఛా, ఎల్లండి. ఆ గుమ్మం కాడికి మాత్రం ఎల్లకండి..."

సౌభాగ్య నవ్వి ఊరుకుంది. ఆ పిల్ల నవ్వడమే ఆ రోజుల్లో పెద్ద విశేషం.

పెళ్ళయి ఐదు నెలలు. మొగుడు చిన్నారావు గూడ్స్ గార్డు, బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగినవాడు, వరసకి మేనబావే. బొబ్బిలి పిల్లకి ఈ ఊరు పట్టలేదు. చూస్తే కొండన్నది కనబడదు, మాట్లాడదామంటే హిందీ రాదు. మొగుడు డ్యూటీకెళ్తే రెండేసి రోజులు అజాపజా ఉండడు. మర్నాడు సాయంత్రం బండికి పుట్టింటికి ప్రయాణం. పది రోజులకని పేరు, ట్రంకు పెట్టెలో చూస్తే ఉన్న పన్నెండు చీరలూ సర్దేసింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అని అడిగాడు చిన్నారావు.

"సూద్దాం" అంది.

ఆ ఒక్క మాటతో చిన్నారావుకి నిద్ర పట్టలేదు. పాపం, వాడికి ఆ పిల్లంటే ప్రాణం. చేతిలో ఉన్నది ఒక్క రోజు రెస్టు. డ్యూటీ లేనప్పుడల్లా ఆ చుట్టుపక్కల పాత కోటలూ గుళ్ళూ చెరువులూ పట్టుకు తిరిగే పిచ్చి వాడిది. ఒక్కసారి అవన్నీ చూస్తే ఈ ఊరు వదిలి ఎవరైనా ఎలా వెళ్తారన్నది వాడి నమ్మకం.

తోటి గార్డు శంకరరావుని అడిగి లూనా మోపెడ్ తెచ్చాడు. దానికి వెనక లైటు లేదు. గార్డుకి వెనక దీపం లేని బండి బండే కాదు. ఆఖరి పెట్టె, అదే బ్రేక్ వ్యాను, దాని వెనక ఎర్ర దీపం చూసుకోకుండా కాలు కదపడు. అందుకని తన చేతి లాంతరు బయటికి తీశాడు. కిరసనాయిలుది. పైన పిడి పట్టి తిప్పితే ఎరుపు, ఇంకోసారి తిప్పితే ఆకుపచ్చ, మరోసారి తిప్పితే తెలుపు. అద్దం తుడిచి, ఎరుపు వెనక్కి పెట్టి, లూనా క్యారియర్‌కి తాడుతో బిగించాడు.

"ఏటోయ్, లూనాకి బ్రేక్ వ్యానా?" అని పగలబడి నవ్వాడు డ్యూటీకి బయల్దేరుతున్న శంకరరావు.

"పట్టపగలు దీపమేటి బావా?" అంది సౌభాగ్య.

"ఇప్పుడు ఎలిగించనులే. చీకటి పడితే పనికొస్తాది."

రతన్‌పూర్ మహామాయ గుళ్ళో సౌభాగ్య అగరొత్తులు వెలిగించింది. కోట ద్వారం మీది బొమ్మలు ఒక్కోటీ చూపించి చిన్నారావు చెప్పుకుపోయాడు. సౌభాగ్య "ఊఁ" అంది. ఖూటాఘాట్ డ్యామ్ గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నారు. నీళ్ళు చూపించి మళ్ళీ చెప్పుకుపోయాడు. మళ్ళీ "ఊఁ". మధ్యాహ్నం దాటేసరికి వాడికి గుండె జారిపోయింది.

"ఇంకొక్కటుంది... రాణీ గుమ్మం. దాని అవతల దిబ్బ మీద పాత శిల్పాలుంటాయి" అన్నాడు, వద్దంటుందనే అనుకుంటూ.

సౌభాగ్య వాడికేసి ఒక రకంగా చూసింది. "పద" అంది.

గుమ్మం దగ్గర లూనా నిలిపి, గట్ల మీద నడిచారు. నాలుగు అడుగులు వేశాక "శాలువా మర్చిపోనాను" అంటూ సౌభాగ్య వెనక్కి వెళ్ళి తెచ్చుకుంది. చిన్నారావు అప్పటికే కొంగలు చూస్తూ లోకం మర్చిపోయాడు.

దిబ్బ మీద ఇద్దరూ కూర్చున్నారు. కోతలైపోయిన చేలు నాలుగు దిక్కులా నేలబారుగా పరుచుకుని ఉన్నాయి. పొద్దు కుంకుతోంది. సౌభాగ్య ఈసారి "ఊఁ" అనలేదు.

"ఇంత ఆకాశం మా ఊళ్ళో లేదు బావా" అంది మెల్లిగా.

చిన్నారావు పొంగిపోయాడు. ఆ పొంగులో టైము చూసుకోలేదు. చూసేసరికి చీకటి చిక్కబడిపోయింది.

గట్టు మీద ముందు వాడు, వెనక సౌభాగ్య. సగం దూరం వచ్చారు. ఉన్నట్టుండి చిన్నారావు ఆగిపోయాడు —

గుమ్మంలో... ఎర్రగా... దీపం.

"ఏటయింది బావా?"

"రెడ్" అన్నాడు.

లూనాకి కట్టిన లాంతరేమో... అది తను వెలిగించనే లేదు! తన జేబులో అగ్గిపెట్టె కూడా లేదు. మరి... ఎవరు? రాణి కథ వాడు చిన్నప్పట్నుంచీ విన్నదే.

"పక్కనుంచి ఎల్లిపోదామా?" అని గుసగుసలాడింది సౌభాగ్య.

"తప్పు. రెడ్ దాటకూడదు. పదకొండేళ్ళ సర్వీసులో ఒక్కసారి దాటలేదు."

"అది సిగ్నలేటి బావా?"

"ఎర్రగా ఉంది కదా!"

ఆమెను వీపు వెనక్కి నెట్టి, తను అడ్డంగా నిలబడ్డాడు. వచ్చిన దండకమల్లా నోట్లోనే చదవడం మొదలుపెట్టాడు. ఆ గొణుగుడు ఎక్కడ ఆమెకి వినబడుతుందోనని ఇంకో భయం.

కాసేపు పోయాక వెనకనుంచి మెల్లిగా మాట వినిపించింది.

"బావా... నువ్వు ఎనక్కెల్లి, ఊళ్ళోంచి ఎవులినైనా తీసుకురా. నానిక్కడే ఉంటాను."

చిన్నారావు తల తిప్పకుండానే చెప్పాడు.

"నిన్ను ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లను."

చలి... దోమలు... దూరంగా ఎక్కడో నక్క. పావుగంట గడిచింది, ఇరవై నిమిషాలు గడిచాయి. ఎరుపు ఎర్రగానే ఉంది.

అప్పుడు —

దీపం ఒక్కసారి ఊగింది. ఆరిపోయినట్టే అయింది... మళ్ళీ వెలిగింది.

ఆకుపచ్చ.

"దారిచ్చింది" అన్నాడు చిన్నారావు. "నడు... పరిగెత్తకు."

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గుమ్మం చేరారు. లూనా పెట్టినచోటే ఉంది. లాంతరు కట్టినచోటే ఉంది, పచ్చగా వెలుగుతూ. చుట్టూ కోసేసిన చేలు, కుక్క దాక్కోవడానికి కూడా చోటు లేదు. ఒక్క మనిషి లేడు. చిన్నారావు ఇంకేమీ చూడలేదు. ఆ లూనా అంత స్పీడు పోగలదని శంకరరావుకే తెలీదు. దారి పొడుగునా సౌభాగ్య రెండు చేతులూ వాడి నడుం చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది. ఐదు నెలల్లో అదే మొదటిసారి. భయపడిందనుకున్నాడు వాడు.

మర్నాడు సాయంత్రం ప్లాట్‌ఫారం మీద ట్రంకు పెట్టె ఎత్తి బండిలో పెట్టబోయి, ఆశ్చర్యపోయాడు.

"ఇదేటి, ఇంత తేలిగ్గా ఉంది?"

"పది రోజులకి పన్నెండు చీరలెందుకు? తొమ్మిది బీరువాలో ఒగ్గీసినాను" అంది సౌభాగ్య, కిటికీ దగ్గర కూర్చుంటూ. "పదో రోజుకి స్టేషనుకి రా."

చిన్నారావుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరైనా చూస్తారని అటు తిరిగి తుడుచుకున్నాడు.

"బావా, నిన్న ఆ లాంతరు ఎలిగించింది నానే."

"ఆఁ?"

"శాలువాకని ఎనక్కెల్లినాను కదా, అప్పుడు. అగరొత్తుల అగ్గిపెట్టె నా సంచిలోనే ఉంది."

"ఎందుకే తల్లీ! గుండాగి చచ్చేవోణ్ణి కదే!"

"ఇంత దూరం నిన్ను నమ్ముకునే కదా వచ్చినాను. అచ్చియమ్మ పిన్ని సెప్పిన కాడినుంచీ ఒకటే ఆలోచన... ఒగ్గీసి పరిగెడతావా, ఉంటావా సూద్దామని." కిటికీ చువ్వల్లోంచి వాడి వేళ్ళు పట్టుకుంది. "ఉన్నావు."

చిన్నారావు నవ్వాడు. ఐదు నెలల దిగులంతా పోయేలా, కూలీలు ఆగి చూసేంత నవ్వు. సౌభాగ్య కూడా నవ్వింది.

"నువ్వేటి, తక్కువోడివా? అక్కడ ఎవులినో దాచిపెట్టి పచ్చ తిప్పించినావు కదా. నాకు తెలీదనుకున్నావా? ఎవులది, శంకరరావన్నయ్యేనా?"

చిన్నారావు నవ్వు ఆగిపోయింది.

"శంకరరావు డ్యూటీలో ఉన్నాడు... నిన్న పొద్దుటే ఎల్లిపోయాడు."

"మరెవులు?"

"నాను ఎవరికీ సెప్పలేదు సౌభాగ్యం. అది నువ్వే ఏదో చేసేవనుకుని..."

"నానా? నాను నీ ఎనకాలే ఉన్నాను కదా..."

కూత వేసింది. బండి మెల్లిగా కదిలింది. ఇద్దరి చేతులూ విడిపోయాయి, చూపులు మాత్రం విడిపోలేదు.

చీకట్లోకి బండి సాగిపోయింది. ఆఖరి పెట్టెలో గార్డు చెయ్యి చాపి పచ్చ దీపం ఊపుతున్నాడు. పదకొండేళ్ళుగా గార్డు పని చేస్తున్న చిన్నారావు, ఆ రోజు అటు చూడలేకపోయాడు.