దుబాసీ గొంతు దాచిన రాక్షసి

వెనకటికి సముద్రపు ఒడ్డున గవ్వలకోట అని ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడ పొలాలు తక్కువ, ఓడలు ఎక్కువ. పడమటి ఓడలు రేవుకు వస్తేనే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. ఆ ఓడలవాళ్ళు ఇంగ్లీషులో చెప్పింది రాజుగారికి, రాజుగారు చెప్పింది వాళ్ళకు విడమరిచి చెప్పే దుబాసీ సన్నాసయ్య. అలాంటి సన్నాసయ్యకు ఉన్నట్టుండి గొంతు పోయింది. జలుబు చేసి పోవడం కాదు, ఒక రాక్షసి పట్టుకుపోయింది!

జరిగింది ఇదీ. ఇంగ్లీషులో టీ, హెచ్ అనే రెండక్షరాలు పక్కపక్కన చేరితే, తమ సొంత శబ్దాలు వదిలేసి, రెండూ కలిసి కొత్త శబ్దం పలుకుతాయి. అది మన ‘థ’కు దగ్గరి చుట్టమే గాని ‘థ’ కాదు. నాలుక కొసను పళ్ళ మధ్య నుంచి కాస్త బయటపెట్టి గాలి వదిలితే గాని రాదు. ఒకనాడు సన్నాసయ్య అడవిదారిన నడుస్తూ ఆ శబ్దాన్ని సాధన చేస్తుంటే, ఎదురుగా వస్తున్న కొండరాక్షసి చూసింది. ఒకరికేసి నాలుక బయటపెడితే మన దేశంలో ఏమనుకుంటారో మీకు నేను చెప్పాలా? తనను వెక్కిరించాడనుకుని, అతని గొంతు లాగి సొరబుర్రలో పెట్టి బిరడా బిగించింది. ఈ సంగతంతా సన్నాసయ్య ఇంటికొచ్చి ఇసుకలో వేలితో రాసి చూపించాడు.

ఆయన కూతురు నూకాలుకు పన్నెండేళ్ళు, తల్లి లేని పిల్ల. తండ్రి అరుగు మీద పిల్లలకు పాఠం చెబుతుంటే ఆ గొంతు వింటూనే రోజూ నిద్ర లేచేది. ఎంత మొద్దు పిల్లవాడు తప్పు పలికినా ఆయన నవ్వేవాడు కాదు. “మళ్ళీ ఓసారి అను, నాన్నా” అనేవాడు. ఇప్పుడా అరుగు మీద ఆయన ఊరికే కూర్చుని ఉంటే నూకాలుకు ఇల్లు ఇల్లులా లేదు. గోడచాటున తనివితీరా ఏడ్చింది. ఆ తరువాత మొహం కడుక్కుని, అటుకులు మూటగట్టుకుని అడవికి బయల్దేరింది.

మొదట ఒక వాగు అడ్డొచ్చింది. ఒడ్డున ఏనుగంత చిలుక కాపలా కూర్చుని ఉంది.

“నాను తిరిగి అనలేని సప్పుడు సెయ్యి. అప్పుడే దారిస్తాను” అంది చిలుక.

నూకాలు పులిలా గాండ్రించింది, పిడుగులా ఉరిమింది. చిలుక అన్నీ తిరిగి అప్పజెప్పింది. అప్పుడు ఆమెకు తండ్రి నేర్పిన మరో జంట గుర్తొచ్చింది. పీ, హెచ్ కలిస్తే కింది పెదవిని పైపళ్ళకు తాకించి ఊదాలి. ఆమె ఊదింది. చిలుక “ఉప్, ఉప్” అని నానా తంటాలు పడి అలసిపోయింది.

“పళ్ళు లేకపోతే ఎలాగొస్తాది, చిలకమ్మా!” అంది నూకాలు. చిలుకకు నవ్వొచ్చి, ఆమెను వీపున ఎక్కించుకుని వాగు దాటించింది.

ఆ ఒడ్డున వెదురుపొదల్లో ఒక ముని కనిపించాడు. “ఆ రాక్షసి క్షమాపణలు వినదు. తనను చూసి నవ్వినవాళ్ళ గొంతు కూడా లాగేస్తుంది. నా శిష్యులు నలుగురి గొంతులు అక్కడే ఉన్నాయి” అన్నాడు.

“మరేం చెయ్యాలి స్వామీ?”

“ఏమో తల్లీ! నాకే తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటాను?”

నూకాలు కొండ ఎక్కింది. గుహ ముందు రాక్షసి సొరబుర్రలు వరసగా పేర్చుకుని కూర్చుని ఉంది. అడవిదారిన నాలుక బయటపెట్టింది తన తండ్రేనని చెప్పి, ఆయన గొంతు ఇమ్మంది నూకాలు.

“ఏటే గుంటా! ఎక్కిరించినోడు దాక్కుని నిన్నంపినాడేటి?”

“ఎక్కిరించలేదమ్మా. అది పాఠం. రోజూ నా ముందూ అలాగే నాలుక బయటపెడతాడు. చూపించమంటావా?”

తండ్రి గొంతు పోగొట్టిన పనే తానూ చెయ్యాలి. అయినా నూకాలు రాక్షసి కళ్ళలోకి చూస్తూ నాలుక కొస బయటపెట్టి ఆ శబ్దం పలికింది. రాక్షసి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా, తానూ నాలుక చాపి చూసింది. కోరల సందులోంచి గాలి ఈలవేసింది, ఎదుటి చెట్టు ఆకులన్నీ రాలిపోయాయి. నూకాలుకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. అంతలో అరుగు మీది తండ్రి కళ్ళముందు మెదిలాడు.

“మళ్ళీ ఓసారి అను, తల్లీ” అంది మెల్లగా.

రాక్షసిని అంతవరకు ఎవరూ తల్లీ అనలేదు. ఆమె చెయ్యి దించి, బుద్ధిగా మఠం వేసుకుని కూర్చుంది. మళ్ళీ పలికింది, మళ్ళీ తప్పింది. చివరికి శబ్దం సరిగ్గా వచ్చేసరికి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, సొరబుర్రలన్నీ తెచ్చి నూకాలు ఒళ్ళో పెట్టింది.

దారిలో మునికి శిష్యుల గొంతులు అప్పగించి నూకాలు ఊరు చేరేసరికి రేవులో ఓడ లంగరు వేస్తోంది. ఆ సాయంత్రమే రాజుగారు ఆమెను చిన్న దుబాసీని చేశారు. రాక్షసి వారానికోసారి పాఠానికి వచ్చేది, ఆమెకోసం అరుగు పెంచి కట్టించారు. అవన్నీ తరువాతి సంగతులు.

ఆ వేళ రేవులో కూతురు జరిగిందంతా చెప్పాక, సన్నాసయ్య సొరబుర్ర బిరడా తీసి గొంతును గటగటా మింగాడు. రాజుగారితో సహా రేవంతా ఆయన నోటికేసి చూస్తోంది. ఆయన మాత్రం కూతురి వైపు తిరిగాడు.

“ఎన్నోసారికి పలికిందే ఆవిడ?”

“నాలుగోసారికి, నాన్నా.”

“నయమే. నీకు నెల్లాళ్ళు పట్టింది.”

నూకాలు నవ్వబోయి ఏడ్చేసింది. “ఇంకేదైనా అను నాన్నా. ఊరికే ఏదో ఒకటి అంటూ ఉండు” అంది.